మూలప్రతి చూపించండి: రిజర్వ్ బ్యాంకు గవర్నర్ గారికి ఒక ప్రూఫ్ రీడర్ బహిరంగ లేఖ

భారతీయ రిజర్వ్ బ్యాంకు గవర్నర్ గారికి,

నమస్కారం.

నేను ప్రూఫ్ రీడర్‌ని. ముప్పై ఏళ్లుగా ఇతరుల రాతల్లో తప్పులు పట్టుకుని బతుకుతున్నాను. ఒత్తు పోయిందా, దీర్ఘం జారిందా, ‘ళ’ ఉండాల్సిన చోట ‘ల’ పడిందా అని చూడటమే నా పని. చేరిన మొదటి వారంలోనే మా పెద్దాయన ఒక మాట చెప్పారు. "అచ్చయిన కాగితాన్ని పట్టుకుని అచ్చయిన కాగితంతో పోల్చకు. పక్కన మూలప్రతి పెట్టుకో. అది లేకుండా దిద్దితే తప్పును ఇంకాస్త శుభ్రంగా అచ్చేసినట్టే." క్రెడిట్ రిపోర్టులో నా సొంత పేరు మీద పడ్డ తప్పును దిద్దించుకోవడానికి ఏడు నెలలు తిరిగాక ఆ మాట మీ చెవిన వేయాలనిపించింది. అందుకే ఈ లేఖ.

2024 జూన్‌లో మా అబ్బాయి చదువు కోసం ఎడ్యుకేషన్ లోన్‌కి వెళ్లాం. తండ్రిని కాబట్టి నేను కో-అప్లికెంట్‌ని. మేనేజరు నా పాన్ నంబరు కొట్టి, కాసేపు స్క్రీన్ చూసి, గొంతు తగ్గించి, "మీ పేరు మీద టూవీలర్ లోన్ ఒకటి రైట్ ఆఫ్‌లో ఉందండీ" అన్నాడు. అంటే కట్టకుండా వదిలేస్తే, ఇక రాదని అప్పిచ్చినవాళ్లు లెక్క రాసేసుకున్న బాకీ. నాకు బండి నడపడం రాదు. నిజంగానే రాదు. సైకిలు మానేశాక ఆటోలూ బస్సులే నా వాహనాలు. ఆ మాటే చెప్పాను. ఆయన నవ్వాడు, నమ్మాడు కూడా. కానీ "నేను నమ్మితే సరిపోదు సార్, సిస్టమ్ ఒప్పుకోవాలి" అన్నాడు. మనిషి అప్పులు ఎలా తీర్చాడో చూసి వేసే క్రెడిట్ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. ఆ కొలబద్ద మీద నా అంకె 600కి కింద ఉంది. అంతకుముందు నాకు ఉన్నదల్లా ఒక హౌసింగ్ లోన్. ఒక్క ఈఎంఐ కూడా తప్పకుండా కట్టి మూసేశాను.

స్కోరు తక్కువగా ఉందన్న ఒక్క కారణంతో విద్యారుణం కాదనకూడదని 2023లో కేరళ హైకోర్టు చెప్పిందని ఎవరో చెబితే, ఆ సంగతి కూడా ఆయన ముందు పెట్టాను. "అది కేరళలో సార్" అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. సంతకం పెట్టాక రేపు ఆడిట్‌లో జవాబు చెప్పాల్సింది ఆయనే.

ఇంటికొచ్చి నా పేరు మీదున్న నాలుగు క్రెడిట్ రిపోర్టులూ తెప్పించుకున్నాను. మేమందరం ఏ రిపోర్టునైనా సిబిల్ అనే అంటాం గానీ దేశంలో మన అప్పుల లెక్కలు ఇలా ఫైల్లో పెట్టే కంపెనీలు నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని మీ సంస్థే 2016లో చెప్పింది, 2017 జనవరి నుంచి అది అమల్లో ఉంది. మంచి నిబంధన. దాని సంగతి నాకు తెలిసింది మాత్రం నా పేరు చెడిపోయిన తర్వాత.

రిపోర్టు చేతికొస్తే చాలామంది నేరుగా స్కోరు చూస్తారు. వృత్తి అలవాటు కొద్దీ నేను మొదటి అక్షరం నుంచి చదివాను. అసలు విషయం అప్పుల జాబితాలో దొరకలేదు, పైన వ్యక్తిగత వివరాల దగ్గరే దొరికింది. నేను జన్మలో అడుగుపెట్టని ఒక చిరునామా, నాది కాని ఒక మొబైల్ నంబరు, నాకెప్పుడూ లేని ఒక ఓటరు కార్డు నంబరు నా పేరు కింద వరసగా ఉన్నాయి. అంటే తప్పుడు అప్పు ఒకటి వచ్చి చేరడం కాదు, ఒక మనిషి మొత్తంగా వచ్చి నా ఫైల్లో కూర్చున్నాడు. రిపోర్టు చదివేవాళ్లకు నా సలహా ఇదొక్కటే: ముందు చిరునామాలు, ఫోన్ నంబర్లు చూసుకోండి. పరాయి మనిషి ఇంట్లోకి వస్తే గుమ్మం దగ్గర చెప్పులే ముందు కనిపిస్తాయి.

ఇది ఎలా జరిగిందో ఊహించడం మాలాంటివాళ్లకు కష్టం కాదు. నా పేరు ముందు ఒక ఇంగ్లిష్ అక్షరం, చివర ‘రావు’. ఆ ఒక్క అక్షరాన్ని విప్పితే పాతిక ఇంటిపేర్లు వస్తాయి. కొన్ని కాగితాల్లో ఇంటిపేరు ముందు, కొన్నింట్లో వెనక, ఇంకొన్నింట్లో అసలు ఉండదు. దరఖాస్తులో ‘ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్’ అని అడిగితే మా తెలుగువాళ్లలో సగం మంది కలం పట్టుకుని ఆలోచిస్తారు. ఇక పుట్టినరోజు. నా పుట్టినరోజు జూలై 1. మా అమ్మకు తెలిసిన పుట్టినరోజు అది కాదు, వానాకాలంలో ఒక అమావాస్య వెళ్లిన మూడోనాడు. బళ్లో వేసేటప్పుడు మాస్టారు రాసుకున్నది జూలై 1. నా వయసువాళ్లలో జూన్, జూలై ఒకటో తారీఖున పుట్టినవాళ్లు ఎంతమంది ఉన్నారో ఏ ఆఫీసు సర్వీసు రిజిస్టరు తిరగేసినా తెలుస్తుంది. అదే పేరు, అదే అక్షరం, అదే జూలై 1, అదే సంవత్సరం ఉన్న మనిషి ఇంకొకడు ఉండటంలో వింత ఏమీ లేదు. కంప్యూటరుకి మాత్రం ఇద్దరం ఒక్కటే అనిపించింది.

నాలుగు కంపెనీల్లో రెండింటి రిపోర్టుల్లోనే ఆ అప్పు నా మీద ఉంది. మిగతా రెండింట్లో లేదు. ఈ చిన్న సంగతి గమనించమని కోరుతున్నాను. అన్నింటిలోనూ సభ్యత్వం తీసుకోవాలని రుణసంస్థలకు మీరు 2015లో ఆదేశమిచ్చారు. కాబట్టి ఆ బండికి అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీ నాలుగింటికీ ఒకే సమాచారం పంపి ఉండాలి. ఇద్దరు ఆ అప్పును నా ఫైల్లో వేశారు, ఇద్దరు వేరే మనిషి ఫైల్లో వేశారు. తప్పు పంపినచోట జరగలేదు, కలిపినచోట జరిగిందని చెప్పడానికి ఇంతకు మించిన ఆధారం ఏం కావాలి? ఆ నాలుగు రిపోర్టులూ జతచేసి క్రెడిట్ కంపెనీకి ఆన్‌లైన్‌లో డిస్ప్యూట్, అంటే దిద్దమని ఫిర్యాదు, పెట్టాను. "ఈ ఖాతా నాది కాదు" అన్న గడిలో టిక్ పెట్టాను.

ఇరవై ఏడో రోజున జవాబొచ్చింది. రుణసంస్థ సమాచారాన్ని సరిచూసిందట. సరిగ్గానే ఉందట. మార్పు అవసరం లేదట. టికెట్, అంటే నా ఫిర్యాదు, మూసేశారు.

మళ్లీ పెట్టాను. ఈసారి ఇరవై తొమ్మిదో రోజున అదే జవాబు, ఒక్క అక్షరం కూడా మారలేదు. మూడోసారి కాస్త చొరవ చూపించారు, ఇరవై రెండో రోజుకే వచ్చేసింది. మధ్యలో ఆ ఫైనాన్స్ కంపెనీకి ఫోన్ చేశాను. ఫోనెత్తిన అమ్మాయి ఓపిగ్గా విని, "సార్, ఆ లోన్ మా రికార్డులో ఉంది, కట్టలేదు, రైట్ ఆఫ్ అయ్యింది, అన్నీ కరెక్టే" అంది. ఆ అమ్మాయి చెప్పింది అబద్ధం కాదు. అప్పు నిజం, బండి నిజం, కట్టకపోవడం నిజం. కట్టని మనిషి నేను కాదన్న సంగతి ఒక్కటే ఆమె ముందున్న తెరలో లేదు. మూడుసార్లూ ఆ సంస్థ చేసిందేమిటో నాకు అప్పుడు అర్థమైంది. తన కంప్యూటర్లో ఉన్న అంకెను రిపోర్టులో ఉన్న అంకెతో పోల్చి చూసింది. రెండూ ఒకటే. మా పెద్దాయన చెయ్యొద్దన్న పని సరిగ్గా ఇదే. అచ్చును అచ్చుతో పోల్చడం.

ఇందులో ఆ సంస్థది ఒక్కదానిదే తప్పని అనను. చట్టమే అలా ఉంది. 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం 21వ సెక్షన్ దిద్దుబాటు అడిగే హక్కు ఇచ్చింది, ముప్పై రోజుల గడువూ పెట్టింది. దాని వెంటే ఒక మినహాయింపు తగిలించింది: సంబంధిత రుణసంస్థ సరైనదని ధ్రువీకరించాకే ఏ దిద్దుబాటైనా చేయాలి. అంటే నా ఫిర్యాదు ఎవరి సమాచారం మీదో, దాన్ని తేల్చేదీ వాళ్లే. దొంగచేతికి తాళం ఇచ్చినట్టు అనను, అది పెద్ద మాట అవుతుంది. ప్రెస్సులో అయితే కంపోజ్ చేసినవాడినే పిలిచి "నువ్వు తప్పు కొట్టావా?" అని అడిగి, "లేదు సార్" అనగానే ఫారం మిషన్ ఎక్కించినట్టు. అదే సెక్షన్ ఇంకో మాట కూడా అంటుంది. వివాదం కోర్టులోనో ట్రైబ్యునల్‌లోనో ఉంటే దిద్దుబాటు చేయకూడదు, అప్పటిదాకా రుణసంస్థ పుస్తకాల్లో ఉన్నదే లెక్కలోకి వస్తుంది. అడగకపోతే తప్పు అలాగే ఉంటుంది, కోర్టుకెక్కినా తప్పు అలాగే ఉంటుంది.

పైగా నా కేసులో తప్పు రుణసంస్థది కాదని ముందే చెప్పాను. కలిపింది క్రెడిట్ కంపెనీ. ఆ కంపెనీ మూడుసార్లూ "మేం పోస్టుమాన్ లాంటివాళ్లం, వాళ్లు పంపిందే చూపిస్తాం" అన్న ధోరణిలోనే మాట్లాడింది. పోస్టుమానే ఉత్తరాన్ని పక్కింట్లో వేస్తే, ఉత్తరం రాసినవాణ్ణి పిలిచి "నువ్వు రాసింది నిజమేనా?" అని అడిగి లాభమేముంది? ఏయే వివరాలు సరిపోలాయని మా ఇద్దరినీ ఒకటి చేశారో చెప్పమని రాతపూర్వకంగా అడిగాను. పేరు, పుట్టినతేదీ సరిపోతే చాలా, పాన్ కూడా చూస్తారా అని. జవాబు లేదు. ఆ లెక్క వాళ్ల సొంత ఫార్ములా అయ్యుండొచ్చు. స్కోరు ఎలా కడతారో నేను అడగలేదు. నన్ను ఇంకొకడితో ఎందుకు కలిపారో మాత్రమే అడిగాను.

ఇప్పుడు మీ నిబంధన సంగతికి వస్తాను.

2023 అక్టోబరు 26న మీరు ఒక మంచి సర్క్యులర్ ఇచ్చారు. ఫిర్యాదు వచ్చిన ముప్పై రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. అందులో రుణసంస్థ 21 రోజుల్లోపు సరైన సమాచారం పంపాలి. ఆలస్యం ఎవరిదైతే పరిహారం వాళ్లది. 2024 ఏప్రిల్ 26 నుంచి ఇది అమల్లో ఉంది. నా మొదటి ఫిర్యాదు ఆ తర్వాతదే. చదివినప్పుడు నిజంగా సంతోషపడ్డాను, ఎవరో మా గురించి ఆలోచించారని. తర్వాత నా మూడు టికెట్ల తారీఖులు చూసుకున్నాను. 27, 29, 22. ఏదీ 30 దాటలేదు. "మార్పు అవసరం లేదు" అన్న తప్పుడు జవాబును కూడా పరిష్కారం కిందే లెక్కేశారు. మీటరు తిరగడం మొదలే కాలేదు. ఏడు నెలలు నా పేరు మీద వేరొకడి అప్పు ఉంది. చివరికి అది తప్పేనని వాళ్లే ఒప్పుకున్నారు. నాకు రావాల్సిన పరిహారం సున్నా. జవాబు ఆలస్యమైతే శిక్ష ఉంది, తప్పయితే లేదు. ఇలాంటి లెక్క ఉన్నచోట ఎవరైనా ఏం చేస్తారు? త్వరగా తప్పు జవాబు ఇచ్చేస్తారు.

తిరస్కరిస్తే కారణం చెప్పాలని కూడా మీరు అదే రోజు ఇచ్చిన మరో సర్క్యులర్‌లో రాశారు. "సరిచూశాం, సరిగ్గా ఉంది" అన్నది కారణం అయితే, నేను కూడా రేపటినుంచి రచయితలు తెచ్చిన దిద్దుబాట్లన్నింటి మీదా అదే రాసి పంపేస్తాను. దేనితో సరిచూశారో, ఎవరు చూశారో, ఏ కాగితం చూశారో ఉంటేనే కదా అది కారణం అవుతుంది.

ఇంకో పోలిక. అప్పు తీరాక ఇంటి కాగితాలు ముప్పై రోజుల్లో తిరిగి ఇవ్వకపోతే రోజుకు 5,000 రూపాయలు ఇవ్వాలని 2023 సెప్టెంబరులో మీరే అన్నారు. బాకీ లేని క్రెడిట్ కార్డును మూసేయమని అడిగితే ఏడు పనిదినాల్లో మూయకపోతే రోజుకు 500 అని 2022లో మీరే అన్నారు. ఇంటి దస్తావేజుకి 5,000, ప్లాస్టిక్ కార్డుకి 500, మనిషి పేరుకి 100. ఈ మూడు అంకెల్నీ మీ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని ఒకసారి చూడండి సార్. దస్తావేజు ఆలస్యమైతే అమ్ముకోవడం ఆగుతుంది, నిజమే. పేరు పాడైతే ఆగేవి ఇంకా ఎక్కువ. ఇప్పుడు ఉద్యోగం కూడా దీని మీద ఆధారపడుతోంది. బ్యాంకు ఉద్యోగానికి ఎంపికైన అభ్యర్థిని, సిబిల్ రికార్డు బాగాలేదని పక్కన పెడితే ఆ నిర్ణయాన్ని 2025లో మద్రాస్ హైకోర్టు సమర్థించింది. ఆ కేసు మంచిచెడ్డలు నాకు తెలియవు, దాని గురించి వాదించను. ఉద్యోగం పోగొట్టేంత బరువున్న కాగితాన్ని దిద్దే పద్ధతికి కూడా ఆ బరువుకు తగ్గ జాగ్రత్త ఉండాలన్నదే నా మాట. ఆ సమాచారాన్ని కంపెనీలు కనీసం ఏడేళ్లు దాచిపెట్టాలని నిబంధన ఉంది. మా అబ్బాయి చదువు, ఉద్యోగం, పెళ్లి అన్నీ ఆ ఏడేళ్లలోనే వస్తాయి.

ఆ ఏడు నెలల్లో మేం ఏం చేశాం అంటే, ఫీజు గడువు ఆగదు కాబట్టి మా ఆవిడ గాజులూ గొలుసూ కుదువపెట్టాం. అంతకన్నా చెప్పను.

ఒక్క ముక్క మాత్రం చెప్పి తీరాలి. మూడో టికెట్ మూశాక ఆ ఫైనాన్స్ కంపెనీ తరఫున అంటూ ఒకాయన ఫోన్ చేశాడు. "ఎందుకు సార్ టెన్షన్, నలభై శాతం కట్టేయండి, సెటిల్ చేసేద్దాం, క్లియర్ అయిపోతుంది" అన్నాడు. నాది కాని అప్పును నేను సెటిల్ చేస్తే అది నాదేనని ఒప్పుకున్నట్టే. రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుంది. అదేమీ మంచి మాట కాదు, పూర్తిగా కట్టలేదని దాని అర్థం. మా బంధువు ఒకాయన తెలిసిన ఏజెంటు దగ్గరికి తీసుకెళ్తానన్నాడు, ఎనిమిది వేలిస్తే సిబిల్ సరిచేస్తాడట. అతను చేసేదల్లా నేను మూడుసార్లు ఉచితంగా నొక్కిన బటన్‌ను నాలుగోసారి నా డబ్బుతో నొక్కడమే. విసిగిపోయినవాళ్లు ఈ రెండు గోతుల్లో ఏదో ఒకదాంట్లో పడతారు. నేనూ ఒక రాత్రి ఆ నలభై శాతం ఎంతవుతుందో కాగితం మీద లెక్క వేశాను. నిజాయతీగా చెబుతున్నాను.

పడకుండా ఆపింది అంబుడ్స్‌మన్ వ్యవస్థ, అంటే బ్యాంకుల్లాంటి సంస్థల మీద జనం ఫిర్యాదులు విని తేల్చే మీ ఏర్పాటు. 2022 సెప్టెంబరు 1 నుంచి క్రెడిట్ సమాచార కంపెనీలను కూడా మీరు అంబుడ్స్‌మన్ పథకం కిందకు తెచ్చారు. ఆ సంగతి మేనేజరే చెప్పాడు. 2024 అక్టోబరులో మీ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను, పైసా ఖర్చు లేకుండా. ఆ ఫిర్యాదు వెళ్లాకే మొట్టమొదటిసారిగా మూలప్రతి బయటికొచ్చింది. ఫైనాన్స్ కంపెనీ గోడౌన్లోంచి పాత దరఖాస్తు తీసింది. ఫోటోలో వేరే మనిషి. సంతకం వేరు. తండ్రి పేరు వేరు. గుర్తింపుగా ఇచ్చింది ఓటరు కార్డు, పాన్ గడి ఖాళీ. ఆ ఖాళీ గడిలోకే నేను జారిపడ్డాను. దరఖాస్తు చూసిన రోజునే తేలిపోయింది. జనవరి చివరికల్లా రెండు రిపోర్టుల్లోనూ ఆ ఖాతా పోయింది. స్కోరు మళ్లీ ఎగబాకింది.

ఒక్క కాగితం. అరగంట పని. మొదటి టికెట్ అప్పుడే ఆ కాగితం తీసి ఉంటే జూలైలోనే అయిపోయేది.

అందుకే గవర్నర్ గారూ, నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఎవరైనా "ఈ ఖాతా నాది కాదు" అంటే, రుణసంస్థ తన కంప్యూటర్ వైపు చూసి జవాబు చెప్పే పద్ధతి ఆపించండి. దరఖాస్తు, ఫోటో, సంతకం, గుర్తింపు కార్డు, డబ్బు ఏ ఖాతాలోకి వెళ్లిందన్న వివరం, వీటిని తీసి చూసి, ఏది సరిపోయింది, ఏది సరిపోలేదు అని గడిగడికీ రాసి సంతకం పెట్టమనండి. ఆ కాగితాలన్నీ నాకే చూపించమని అనడం లేదు. అందులో ఇంకొకడి ఫోటో, ఇంకొకడి చిరునామా ఉంటాయి. నా పేరున్న పాపానికి అతని వివరాలు నా చేతికి రాకూడదు. క్రెడిట్ కంపెనీల్లో ఫిర్యాదులు మళ్లీ చూసే అంతర్గత అంబుడ్స్‌మన్ ఉండాలని 2023 ఏప్రిల్ నుంచి మీరే నియమం పెట్టారు కదా. కాదన్న ప్రతి ‘నాది కాదు’ ఫిర్యాదూ ఆ కాగితాలతో సహా ఆ బల్ల మీదికి వెళ్లాలి. తిరస్కరణ అక్కణ్ణుంచే రావాలి.

కాగితాలు దొరకకపోతే? నా అనుమానం, చాలా కేసుల్లో దొరకవు. కంపెనీలు చేతులు మారుతుంటాయి, అప్పులు టోకున అమ్ముడుపోతుంటాయి, మొబైల్ యాప్‌లో ఇచ్చిన చిన్న అప్పులకు అసలు కాగితమే ఉండదు. అప్పుడు ఆ ఖాతా నా ఫైల్లోంచి పోవాలి. అమెరికాలో 1970 నాటి చట్టం ఈ పద్ధతినే పెట్టింది, తప్పని తేలినదే కాదు, నిజమని నిరూపించలేనిది కూడా తీసేయాల్సిందే. అక్కడ అన్నీ సవ్యంగా జరుగుతున్నాయని నేను అనను. కానీ నిరూపించాల్సిన భారం ఎవరి మీద ఉండాలన్న విషయంలో వాళ్లు సరైన చోట మొదలుపెట్టారు. నేను ఆ అప్పు తీసుకోలేదని ఎలా నిరూపించను? లేనిదానికి రసీదు ఎవరిస్తారు?

21వ సెక్షన్‌లో ఉన్న మినహాయింపు మార్చడం పార్లమెంటు పని, మీ చేతిలో లేదని తెలుసు. అయినా ‘ధ్రువీకరించడం’ అంటే ఏమిటో, దేన్ని చూసి ధ్రువీకరించాలో చెప్పే అధికారం మీకుంది. ప్రభుత్వానికి ఆ మినహాయింపు గురించి ఒక ఉత్తరం రాయడానికి కూడా మీకెవరి అనుమతీ అక్కర్లేదు.

పరిహారం లెక్క మార్చండి. మొదట కాదని, చివరికి తప్పేనని ఒప్పుకున్న కేసుల్లో గడియారం మొదటి ఫిర్యాదు తారీఖు నుంచి నడవాలి. మధ్యలో ఇచ్చిన తప్పుడు జవాబులు దాన్ని ఆపకూడదు. 100 రూపాయలు పెంచుతారో లేదో మీ ఇష్టం. అంకె చిన్నదైనా సరే, అది తప్పు జవాబుకి కూడా వర్తిస్తే టికెట్ మూసే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

ఫైళ్లు కలిసిపోయాయన్న ఫిర్యాదు వస్తే, ఏ వివరాలు చూసి కలిపారో క్రెడిట్ కంపెనీ చెప్పి తీరాలి. పాన్ లేని ఖాతాను పాన్ ఉన్న మనిషి ఫైల్లో వేసేముందు ఇంకో రెండు ఆనవాళ్లు చూడాలి. తెలుగు, తమిళ, కన్నడ పేర్ల సంగతి తెలిసినవాళ్లను ఆ పనిలో కూర్చోబెడితే ఇంకా మంచిది. మా ఇంటిపేరు ముందుంటుందని, అది ‘ఫస్ట్ నేమ్’ కాదని వాళ్లకు చెప్పాలి. మా అమ్మాయిలకు పెళ్లయ్యాక ఇంటిపేరు కొన్ని కాగితాల్లో మారుతుందని, కొన్నింట్లో మారదని కూడా.

అప్పు కట్టలేదని రిపోర్టు చేసేటప్పుడు మనిషికి మెసేజ్ పంపాలని మీరు పెట్టిన నియమం చాలా అవసరమైనది. అయితే ఫైళ్లు కలిసినచోట ఆ మెసేజ్ ఎవరికి వెళ్తుంది? ఆ టూవీలర్ లోన్ హెచ్చరికలన్నీ అతని నంబరుకే వెళ్లి ఉంటాయి. శిక్ష నాకు, హెచ్చరిక అతనికి. ఒక ఫైల్లో కొత్త ఫోన్ నంబరో చిరునామానో వచ్చి చేరినప్పుడు పాత నంబరుకి కూడా ఒక మెసేజ్ వెళ్తే నాలాంటివాడు మొదటి రోజే మేలుకుంటాడు. ఆ మెసేజ్ తెలుగులో వస్తే మా వీధిలో సగం మంది చదువుకోగలుగుతారు.

దిద్దిన తర్వాత ఇంకో పని మిగిలిపోతోంది. ఆ ఏడు నెలల్లో నా రిపోర్టు చూసిన బ్యాంకులు మూడు. మూడింటి దగ్గరా నేను ఎగవేతదారుణ్ణే. రిపోర్టు మారిందన్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నేనే కొత్త రిపోర్టు ప్రింటు తీసుకుని తిరిగాను. పుస్తకం అచ్చయ్యాక తప్పు దొరికితే మేం చివర తప్పొప్పుల పట్టిక అతికిస్తాం, అప్పటికే అమ్మిన కాపీలకు కూడా పంపడానికి ప్రయత్నిస్తాం. గత ఆరు నెలల్లో ఆ తప్పుడు రిపోర్టు చూసిన ప్రతి సంస్థకూ దిద్దిన రిపోర్టు పంపించే బాధ్యత క్రెడిట్ కంపెనీ మీద పెట్టండి. ఎవరెవరు చూశారో వాళ్ల దగ్గర తారీఖులతో సహా ఉంది. ఒక్క బటన్ పని.

మీ సర్క్యులర్లు చదివాక ఒక సంగతి అర్థమైంది. అవి రాసినవాళ్లకు మా బాధ తెలుసు. అందుకే ఈ లేఖ కోపంతో రాయడం లేదు. మంచి రాతలో మిగిలిపోయిన తప్పుల దగ్గర మార్జిన్‌లో గుర్తు పెట్టినట్టు రాస్తున్నాను.

నా పేరే ఉన్న ఆ రెండో మనిషి గురించి అప్పుడప్పుడు ఆలోచిస్తాను. బండి ఎందుకు కొన్నాడో, ఎందుకు కట్టలేకపోయాడో. నా ఫైల్లోంచి తీసిన అప్పు అతని ఫైల్లోనైనా సరిగ్గా చేరిందో, లేక ఇంకో జూలై 1 వాడి దగ్గరికి వెళ్లిందో నాకు చెప్పినవాళ్లు లేరు. ఫిబ్రవరిలో అడిగాను. ఆ టికెట్ పదకొండో రోజునే మూసేశారు.

ఇట్లు,
ఒక ప్రూఫ్ రీడర్